ముప్పై ఒకటో ఎత్తు దగ్గర ఆగిన ఆట

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేస్తాను. మా బాబు తొమ్మిదో తరగతి, నాలుగేళ్ళుగా చెస్ ఆడుతున్నాడు. మొన్న నల్గొండలో జిల్లా సెలక్షన్ పోటీలకు తీసుకెళ్ళాను. మొదటి నలుగురికే రాష్ట్ర పోటీలకు వెళ్ళే అవకాశం. ఆఖరి రౌండ్‌కు ముందు మా వాడు ఐదో స్థానంలో, ఎదుటి అబ్బాయి మూడో స్థానంలో ఉన్నారు. తెల్ల పావులు మా వాడివి. గెలిస్తే సెలక్ట్ అయ్యేవాడు. 31 ఎత్తుల తర్వాత డ్రాకు ఒప్పుకుని బయటికొచ్చాడు. గడియారంలో ఇంకా 38 నిమిషాలు మిగిలే ఉన్నాయి. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. కోపం ఆగలేదు. ‘గెలిచే ఆటను డ్రా ఎందుకు జేసుకున్నవ్ రా, అర్జున్ ఎరిగైసి ఇట్లనే జేస్తడా’ అని అందరి ముందూ అరిచాను. బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి బోర్డు తీసి సజ్జ మీద పెట్టేశాడు. పది రోజులైంది, దించలేదు. ఎదుటివాడు ఆడింది పెట్రోఫ్ డిఫెన్స్ అనీ, అది డ్రా ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరుస) అనీ మా వాడి కోచ్ అంటున్నాడు. ఇక ‘ఈ4’ అనే మొదటి ఎత్తు మానేయాలి, కొత్త ఓపెనింగ్ మూడు నెలలు నేర్పిస్తా, దానికి ఫీజు వేరే అన్నాడు. నాకు పావులు ఎలా కదులుతాయో తప్ప ఏమీ తెలియదు. ఓపెనింగ్ మార్చాలా? అసలు మా వాడికి గెలవాలనే పట్టుదల లేదా? వాడు ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్ ఫొటో పంపుతున్నాను.
– ఒక తండ్రి, మిర్యాలగూడ

సమాధానం:

అన్నా, మీ ఉత్తరం చదివాక ఆ స్కోర్‌షీట్ ముందు పెట్టుకుని ఆట మొత్తం బోర్డు మీద రెండుసార్లు ఆడి చూశాను. దాంట్లో మీరు గమనించని సంగతి ఒకటుంది, ముందు అదే చెప్తాను. 24వ ఎత్తు దగ్గర, నల్ల పావుల గడిలో, బ్రాకెట్ల మధ్య చిన్న సమానం గుర్తు వేసి ఉంది. 28 దగ్గర మళ్ళీ అదే గుర్తు. 31 దగ్గర మూడోసారి. ఎవరైనా డ్రా అడిగితే ఇద్దరు ఆటగాళ్ళూ తమ షీటులో అలా గుర్తు వేసుకోవాలని ఫిడే నియమం. ఫిడే అంటే అంతర్జాతీయ చెస్ సమాఖ్య. టెన్షన్‌లో పెద్దవాళ్ళే చాలామంది ఈ గుర్తు వేయడం మర్చిపోతారు. మీ వాడు మర్చిపోలేదు.

అంటే ఎదుటి అబ్బాయి మూడుసార్లు డ్రా అడిగాడు. మీ వాడు రెండుసార్లు కాదన్నాడు. పట్టికలో తనకంటే పైన ఉన్నవాడు, ఆఖరి రౌండ్‌లో, సగం పాయింటు చేతికిస్తానంటే రెండుసార్లు వద్దని ఆట కొనసాగించాడు. అలాంటి పిల్లవాడికి పట్టుదల లేదనడం న్యాయం కాదు. ఆ సంగతి మీకు తెలియదు కాబట్టే అరిచారు, అదీ నాకు అర్థమైంది. మనం చూడాల్సింది మూడోసారి ఎందుకు ఒప్పుకున్నాడన్నది.

అంతకంటే ముందు కోచ్ అన్న మాట తేల్చుకుందాం, ఎందుకంటే దాంట్లో మీ డబ్బూ, పిల్లవాడి మూడు నెలల కాలమూ ఉన్నాయి.

ఆట ఇలా మొదలైంది. (ఈ4, ఎఫ్3 లాంటివి గళ్ళ పేర్లు. అక్షరం తెల్లవాడి ఎడమ నుంచి ఏ మొదలు హెచ్ దాకా నిలువు వరుస, అంకె తెల్లవాడి వైపు నుంచి 1 మొదలు 8 దాకా అడ్డ వరుస.) మీ వాడు ఈ4 ఆడాడు, ఎదుటివాడు ఈ5. రాజుల ముందున్న బంట్లు ఎదురెదురుగా నిలబడ్డాయి. రెండో ఎత్తులో మీ వాడి గుర్రం ఎఫ్3కి వచ్చి ఈ5 బంటు మీద గురిపెట్టింది. మామూలుగా ఇక్కడ నల్లవాడు తన బంటును కాపాడుకుంటాడు. పెట్రోఫ్ ఆడేవాడు కాపాడుకోడు. తన గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి, నువ్వు నా బంటును తింటే నేను నీ బంటును తింటానంటాడు. అలెగ్జాండర్ పెట్రోవ్ అనే 19వ శతాబ్దపు రష్యన్ ఆటగాడి పేరు మీద దీన్ని పెట్రోఫ్ అంటారు, రష్యన్ డిఫెన్స్ అని కూడా అంటారు. మూడో ఎత్తులో మీ వాడు ఈ5 బంటును తీసుకున్నాడు. ఇక్కడ నల్లవాడు తొందరపడి వెంటనే ఈ4 బంటును తింటే దెబ్బతింటాడు. తెల్ల మంత్రి ఈ2కి వస్తుంది. నల్ల గుర్రం భయపడి ఎఫ్6కి వెనక్కి పోయిందంటే తెల్ల గుర్రం సి6కి దూకుతుంది, వెనకనుంచి మంత్రి చెక్, ముందు గుర్రం నోటికి నల్ల మంత్రి. పెట్రోఫ్ తెలిసినవాడు అలా చేయడు. ముందు డి6 ఆడి తెల్ల గుర్రాన్ని వెనక్కి పంపి, ఆ తర్వాతే ఈ4 బంటును తింటాడు. మీ ఎదుటివాడూ అదే చేశాడు. నాలుగు ఎత్తులు పూర్తయ్యేసరికి ఇద్దరికీ చెరొక బంటు పోయింది, రాజులున్న నిలువు వరుస ఖాళీ అయింది, బోర్డు దాదాపు అద్దంలో చూసినట్టుంది.

నిర్ణయం తీసుకోవాల్సింది ఐదో ఎత్తులో. మీ వాడు మంత్రిని ఈ2కి తెచ్చాడు. నల్ల మంత్రి ఈ7కి వచ్చింది. తర్వాత డి3, గుర్రం వెనక్కి, శకటు (బిషప్) జి5కి, ఏడో ఎత్తులో నల్లవాడు మంత్రులు మార్చాడు, అంటే తన మంత్రితో తెల్ల మంత్రిని తిన్నాడు, ఎనిమిదో ఎత్తులో మీ వాడు శకటుతో తిరిగి తీసుకున్నాడు. ఇది తప్పు ఆట కాదు. పెద్ద పెద్ద ఆటగాళ్ళే ఆడిన దారి. కాకపోతే గెలవక తప్పని రోజున తెల్ల పావులతో ఇంత ప్రశాంతమైన దారిలోకి పోవడం ఎందుకన్న ప్రశ్న మాత్రం ఉంది. కోచ్ మాటలో ఉన్న నిజం ఇంతవరకే.

మంత్రులు మారిపోతే ఇక డ్రానే అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. 2018లో లండన్‌లో మాగ్నస్ కార్ల్‌సన్‌కూ ఫాబియానో కరువానాకూ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. ఆరో గేమ్‌లో కరువానా ఇదే పెట్రోఫ్ ఆడాడు. కార్ల్‌సన్ గుర్రాన్ని కొంచెం వేరే గడికి వెనక్కి తీసుకున్నా, ఐదో ఎత్తులో మీ వాడిలాగే మంత్రిని ఈ2కి తెచ్చాడు. ఎనిమిదో ఎత్తుకే మంత్రులు పోయాయి. ఇక చేతులు కలిపి లేచిపోతారనుకున్న ఆట 80 ఎత్తులు సాగింది. మధ్యలో కార్ల్‌సన్ చావుతప్పి బయటపడ్డాడు. 68వ ఎత్తు దగ్గర కరువానాకు గెలిచే దారి ఉందని కంప్యూటర్లు చూపించాయి, కానీ అది మనిషి కంటికి అందేంత దగ్గరగా లేదు. చివరికి డ్రా. ఆ డ్రాను చూసి పెట్రోఫ్‌లో ఏమీ జరగదని ఎవరైనా అంటే వాళ్ళు ఆట చూడలేదని అర్థం, ఫలితం మాత్రమే చూశారు.

ఇదే విషయంలో ఆనంద్‌కు జరిగినది మీ బాబుకు తప్పకుండా చెప్పండి. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టోనీ మైల్స్, లారీ క్రిస్టియన్సెన్ అనే ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు పెట్రోఫ్ ఆడారు. ఐదో ఎత్తులో తెల్లవాడు రెండో గుర్రాన్ని సి3కి తెచ్చాడు. నల్లవాడు ఈ4లో ఉన్న తన గుర్రానికి తోడుగా శకటును ఎఫ్5కి తెచ్చాడు. తర్వాత కాసేపటికి డ్రా. చూడ్డానికి అంతా సవ్యంగా ఉంది, ఇద్దరూ గ్రాండ్‌మాస్టర్లే, ఆట అచ్చులో వచ్చింది. మరుసటి సంవత్సరం స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో విశ్వనాథన్ ఆనంద్ నల్ల పావులతో అదే శకటు ఎత్తు వేశాడు. అప్పటికి అతను ప్రపంచ జూనియర్ చాంపియన్. ఎదురుగా కొలంబియాకు చెందిన అలోన్సో జపాటా. జపాటా మంత్రిని ఈ2కి తెచ్చాడు, అంతే. నల్ల గుర్రం వెనక నేరుగా రాజు ఉన్నాడు, కాబట్టి అది కదలలేదు. డి5తో కాపాడితే తెల్ల బంటు డి3కి వచ్చి దాన్ని తింటుంది. మంత్రిని ఈ7లో పెట్టి కాపాడితే తెల్ల గుర్రం డి5కి దూకి మంత్రినే తరుముతుంది. ఆనంద్ ఆరు ఎత్తులకే ఆట వదిలేశాడు.

ముందు సంవత్సరం డ్రా అయిన ఆటలో ఆ తప్పు కూర్చునే ఉంది. తెల్లవాడు ఆ మంత్రి ఎత్తు వేయలేదు కాబట్టి బయటపడలేదు. నాకు ఈ సంఘటన తెలిసినప్పటినుంచి డ్రా అయిన ఏ ఆటనైనా మొదటి ఎత్తునుంచి చూడనిదే ఓపెనింగ్ మంచిదనీ చెప్పను, చెడ్డదనీ చెప్పను.

కాబట్టి ఈ4 మానేయనవసరం లేదు. నాలుగేళ్ళుగా ఆడుతున్న ఓపెనింగ్‌ను ఒక్క డ్రా చూసి వదిలేస్తే పిల్లవాడు మళ్ళీ మొదటికొస్తాడు. ఈ4కు ఎదుటివాళ్ళు ఈ5 ఆడతారు, సిసిలియన్ ఆడతారు, ఫ్రెంచ్ ఆడతారు, వీటన్నిటిలో మీ వాడికి ఇప్పటికే కొంత అలవాటు వచ్చి ఉంటుంది. దాన్ని పారేసి మూడు నెలల్లో కొత్తది పూర్తిగా ఎక్కదు. మార్చాల్సింది ఒకే ఒక్క ఎత్తు, అదీ పెట్రోఫ్ వచ్చినప్పుడు మాత్రమే. ఐదో ఎత్తులో మంత్రికి బదులు గుర్రాన్ని సి3కి తెమ్మనండి, పైన జపాటా ఆడిన దారి. నల్లవాడు సాధారణంగా ఆ గుర్రాన్ని తీసుకుంటాడు, డి2 బంటుతో తిరిగి తీసుకోవాలి. సి గీత మీద రెండు బంట్లు ఒకదాని ముందొకటి వస్తాయి, చూడ్డానికి బాగుండదు, పిల్లలు భయపడతారు. భయం అక్కర్లేదు. దానికి బదులుగా రెండు శకటులకూ దారులు తెరుచుకుంటాయి. ఒక శకటును ఈ3కి, మంత్రిని డి2కి తెచ్చి, పెద్దవైపు క్యాజ్లింగ్ చేయాలి, అంటే ఒకే ఎత్తులో రాజును మంత్రి వైపు రెండు గళ్ళు జరిపి ఏనుగును అతని పక్కకు తేవాలి. నల్లవాడు ఎక్కువగా చిన్నవైపు క్యాజ్లింగ్ చేస్తాడు. ఇక రాజులు చెరోవైపు ఉంటారు కాబట్టి హెచ్ బంటును ముందుకు తోసి దాడి చేయడానికి వీలుంటుంది. గెలవాల్సిన రోజున అడగదగ్గ ఆట ఇది. దీనికి ప్రత్యేకంగా ఫీజు కట్టాల్సిన పనిలేదు, ఇప్పుడున్న కోచ్‌నే రెండు క్లాసులు దీని మీద చెప్పమనండి, తర్వాత తోటి పిల్లలతో ఓ పది గేములు ఆడిస్తే చేతికొస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సగం నిజమే చెప్పినట్టవుతుంది. అదే 2018 చాంపియన్‌షిప్‌లో పదకొండో గేమ్‌లో కార్ల్‌సన్ ఈ గుర్రం సి3 దారే ఆడాడు, పెద్దవైపు క్యాజ్లింగ్ చేశాడు, అయినా 55 ఎత్తుల్లో డ్రా అయింది. ఆ పోటీలో 12 క్లాసికల్ గేములకు, అంటే ఎక్కువ సమయం ఉండే గేములకు, 12 గేములూ డ్రానే. తర్వాత తక్కువ సమయం ఉండే ర్యాపిడ్ గేముల్లో కార్ల్‌సన్ 3–0తో గెలిచాడు. అర్జున్ ఎరిగైసి పేరెత్తారు కాబట్టి చెప్తున్నాను, మన వరంగల్ కుర్రాడు 2024 డిసెంబరులో ఆటగాళ్ళ బలాన్ని కొలిచే రేటింగ్‌లో 2800 దాటాడు, ఆనంద్ తర్వాత అంత ఎత్తుకు వెళ్ళిన రెండో భారతీయుడు. గెలవడానికే ఆడతాడని అతనికి పేరు. అతనికీ డ్రాలు ఉన్నాయి. డ్రా లేకుండా ఏ ఆటగాడూ లేడు. గెలుపు హామీ ఇచ్చే ఓపెనింగ్ ఎవరైనా అమ్ముతామంటే కొనకండి.

ఇప్పుడు అసలు చోటుకు వద్దాం. 31వ ఎత్తు.

ఆ ఎత్తుకు మీ వాడి పావులు ఇలా ఉన్నాయి: రాజు ఈ3లో, శకటు ఎఫ్3లో, ఆరు బంట్లు. ఎదుటివాడి రాజు ఎఫ్8లో, గుర్రం డి7లో, అతనికీ ఆరు బంట్లు. ఏనుగులన్నీ మారిపోయాయి. బంట్లు బోర్డుకు రెండు వైపులా మూడేసి ఉన్నాయి, మధ్యలో ఖాళీ. చెస్ తెలియనివాళ్ళకు ఇది సమానంగా కనిపిస్తుంది, లెక్కకు సమానమే. కానీ రెండు వైపులా బంట్లుండి మధ్య ఖాళీగా ఉన్నప్పుడు శకటుకు బలం ఎక్కువ. అది ఎఫ్3లో కూర్చుని అవతలి మూల దాకా చూస్తోంది. గుర్రం అటు పోవాలంటే మూడు నాలుగు గంతులు వేయాలి. పైగా మీ వాడి రాజు మధ్యకు వచ్చేశాడు, ఎదుటి రాజు ఇంకా మూలనుంచి బయల్దేరనే లేదు. గెలుపు ఖాయమని నేను అనను. సరిగ్గా కాచుకుంటే నల్లవాడు నిలబడతాడు. కానీ కష్టపడాల్సింది అతను. మీ వాడు పెద్దగా ప్రమాదం లేకుండా ఇంకో ముప్పై ఎత్తులు అతన్ని పరీక్షించవచ్చు.

ఎలాగంటే, ముందు శకటును ఈ2కి తీసి దారి ఇచ్చి, ఎఫ్ బంటును ఎఫ్4కి తోయాలి. ఇది చాలా ముఖ్యం. శకటు ఎఫ్3లో ఉండగా ఇప్పుడే రాజు డి3కి పోతే నల్ల గుర్రం ఈ5కి దూకి రాజుకు చెక్ చెప్తూ శకటును కూడా పట్టేస్తుంది. ఎఫ్4 బంటు ఈ5 గడిని కాస్తే గుర్రానికి ఆ గంతు పోయినట్టే. తర్వాత శకటు మళ్ళీ ఎఫ్3కి, రాజు డి3, సి4, వీలైతే బి5. ఎదుటివాడు ఏ6 ఆడి బి5కి దారి మూస్తాడు. అప్పుడు తొందర లేకుండా ఏ4, తర్వాత ఏ5 ఆడి ఆ వైపు బంట్లను కదిలించవచ్చు. శకటు సి6కి పోతే గుర్రం మీద ఒత్తిడి పడుతుంది, అయితే గుర్రాన్ని శకటుతో తొందరపడి మార్చుకోకూడదు, ఉన్న మెరుగు అంతా అక్కడే పోతుంది. ఈ రెండు మూడు ఆలోచనలు వస్తే చాలు, ఆడటానికి ఆట ఉంది.

కాబట్టి మీ కోచ్ అన్నట్టు ఈ ఆటను పెట్రోఫ్ డ్రా చేయలేదు. ఓపెనింగ్ ఎప్పుడో అయిపోయింది. ఈ ఆట డ్రా అయింది, ఎదుటివాడు మూడోసారి అడిగినప్పుడు.

అడిగిన ఆ అబ్బాయి పరిస్థితి చూడండి. అతనికి సగం పాయింటు చాలు, రాష్ట్ర పోటీలకు వెళ్ళిపోతాడు. అతని పొజిషన్ కొంచెం ఇబ్బందిగా ఉంది. అందుకే అడిగాడు, మళ్ళీ మళ్ళీ అడిగాడు. డ్రా అడగడంలోనే ఒక కబురు ఉంటుంది, మీ వాడికి దాన్ని చదవడం ఇంకా రాలేదు. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి రాకపోవడం సహజం. ‘ఇంత బాగా ఆడేవాడు డ్రా అంటున్నాడంటే నిజంగానే ఏమీ లేదేమో’ అనుకుని ఉంటాడు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

నా పందొమ్మిదో ఏట పాలమూరు నుంచి తెల్లవారుజాము బస్సులో హైదరాబాద్ పోయి ఒక ఓపెన్ పోటీ ఆడాను. పెట్రోఫ్ మీద తెల్ల పావులతో 19 ఎత్తుల్లో డ్రా. తర్వాత రౌండ్లలో ఇంకో రెండు డ్రాలు. వచ్చేటప్పుడు దారిపొడవునా ఓపెనింగ్‌నే తిట్టుకున్నాను. డి4కి మారాను. రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్నాను. డ్రాలు తగ్గలేదు. ఒక పెద్దాయన, బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు, నా పాత షీట్లన్నీ ముందేసుకుని కూర్చున్నారు. నా డ్రాలన్నిటినీ పక్కన పెట్టి, ప్రతి ఆటలో ఆఖరి పొజిషన్ మాత్రం బోర్డు మీద పెట్టారు. సగానికి పైగా ఆటల్లో నాదే పైచేయి. పైగా డ్రా అడిగింది నేనే. ఆయన నన్నేమీ అనలేదు. ‘ఇక్కడినుంచి నాతో ఆడు బిడ్డా’ అన్నారు. ఆ సాయంత్రం నాలుగు పొజిషన్లు ఆడాం, రెండు గెలిచాను, ఒకటి ఓడిపోయాను, ఒకటి డ్రా. నేను భయపడుతున్నది ఓడిపోవడానికి అని ఆ రోజు తెలిసింది. ఉన్నది చేజారిపోతుందన్న భయం. ఓపెనింగ్ మారిస్తే పోయే భయం కాదది. అందుకే మీ ఉత్తరం చదివి ఊరుకోలేక ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

డ్రా అడిగినప్పుడు ఏం చేయాలో మీ వాడికి నియమం ప్రకారం తెలిసుండాలి. డ్రా అడగదలిస్తే, తన ఎత్తు బోర్డు మీద వేసి, గడియారం నొక్కేముందు అడగాలి. అడిగిన వెంటనే జవాబు చెప్పాల్సిన పని లేదు. తన గడియారం నడుస్తుండగా ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. 38 నిమిషాలు ఉన్నాయంటే ఐదారు నిమిషాలు దీనికి ఖర్చుపెట్టడం ఏమాత్రం దండగ కాదు. నోటితో వద్దని చెప్పనక్కర్లేదు కూడా, తన ఎత్తు తాను వేస్తే కాదన్నట్టే. నేను నేర్పే పిల్లలకు ఒకటే చెప్తాను: షీటులో గుర్తు వేసుకో, తర్వాత అతను అసలు అడగలేదనుకో, ఇప్పుడు నేను ఏం ఆడేవాణ్ణి అని ఆలోచించు. మంచి ఎత్తు కనిపిస్తే వేసెయ్. ఏమీ కనిపించక, నీ రాజుకే ముప్పు ఉంటే, అప్పుడు ఒప్పుకో, దాంట్లో చిన్నతనం లేదు. ఎదుటివాడు నీ గడియారం నడుస్తుండగా, నువ్వు ఆలోచిస్తుండగా అడుగుతుంటే, లేదా ఇలా మళ్ళీ మళ్ళీ అడిగి చికాకు పెడుతుంటే గడియారం ఆపి ఆర్బిటర్‌ను, అంటే పోటీ న్యాయనిర్ణేతను, పిలవవచ్చు. ఆటగాడి ధ్యాస చెదరగొట్టడం నియమాల ప్రకారం తప్పు. చేయెత్తి పెద్దవాళ్ళను పిలవడానికి మన పిల్లలు జంకుతారు. పిలవడం నీ హక్కు అని మీరు ఒకసారి చెప్తే ధైర్యం వస్తుంది.

2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన పద్నాలుగో గేమ్ మీరూ టీవీ వార్తల్లో చూసే ఉంటారు. అది ఆఖరి క్లాసికల్ గేమ్, అప్పటికి ఇద్దరూ సమానం. గుకేశ్‌వి నల్ల పావులు. చివరికి మిగిలింది చెరొక ఏనుగు, చెరొక శకటు, గుకేశ్‌కు ఒక్క బంటు ఎక్కువ. డ్రా అవుతుందని చూసేవాళ్ళంతా అనుకున్నారు, సరిగ్గా ఆడితే నిజంగానే డ్రా. గుకేశ్ ఆపలేదు, ఎత్తు తర్వాత ఎత్తు అడుగుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2లో పెట్టాడు. ఏనుగులు మారాయి, శకటులు మారాయి, బంట్ల ఆటలో తెల్లవాడికి ఏమీ మిగల్లేదు. 58వ ఎత్తుకు గుకేశ్ 7.5–6.5తో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ గేమ్‌ను చివరి ఇరవై ఎత్తులు మీ వాడితో కలిసి చూడండి. అరవడంతో చెప్పలేకపోయింది దాంట్లో కనిపిస్తుంది.

సగం పాయింటు వృథా అనే ఆలోచన కూడా మీరు తీసేయాలి. రేటింగ్ పోటీల్లో 18 ఏళ్ళలోపు పిల్లలు తమకంటే 200 రేటింగ్ ఎక్కువున్నవాడితో డ్రా చేసుకుంటే సుమారు 10 పాయింట్లు పెరుగుతాయి. తమకంటే బలమైనవాడితో డ్రా అంటే లెక్కలో కూడా లాభమే. మొన్న మీ వాడికి సెలక్షన్ పోయింది, అది నిజమైన నష్టం, బాధ ఉంటుంది. వచ్చే ఏడాది మళ్ళీ పోటీ ఉంటుంది.

ఇక మీ సంగతి. కిటికీ దగ్గర నిలబడ్డానని రాశారు. ఆడేవాళ్ళకు అది తెలుస్తుంది అన్నా. మిల్లు పని మానుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని వెంట వచ్చిన తండ్రి అక్కడ నిలబడి ఉన్నాడని తెలిసిన పిల్లవాడి మీద ఎంత బరువు ఉంటుందో ఆలోచించండి. ఈసారి హాల్లో వదిలిపెట్టి బయటికి పొండి. టీ తాగండి, పేపర్ చదవండి. బయటికొచ్చాక మొదట ఫలితం అడగకండి, ‘ఆకలైతుందా’ అని అడగండి. ఆట గురించి వాడే చెప్తాడు, ఆ రాత్రి కాకపోతే మర్నాడు.

అందరి ముందూ అరిచారు కాబట్టి ఒక మాట మీరు చెప్పాల్సి ఉంది. పెద్ద ఉపన్యాసం వద్దు. ‘నువ్వు రెండుసార్లు వద్దన్నవని నాకు తెల్వదు కొడుకా, ఇయ్యాల షీటు చూస్తే తెల్సింది’ అనండి చాలు. ఆ మూడు గుర్తులూ వేలితో చూపించండి.

తర్వాత సజ్జ మీది బోర్డు మీరే దించండి, వాడిని దించమనకండి. ఈ పొజిషన్ పెట్టండి. తెలుపు: రాజు ఈ3, శకటు ఎఫ్3, బంట్లు ఏ2, బి2, సి3, ఎఫ్2, జి3, హెచ్2. నలుపు: రాజు ఎఫ్8, గుర్రం డి7, బంట్లు ఏ7, బి6, సి5, ఎఫ్7, జి7, హెచ్6. నల్ల పావులు మీరు తీసుకోండి. పావులు ఎలా కదులుతాయో తెలుసన్నారు కదా, దానికి అది చాలు. మీ గుర్రం ఈ5కి దూకే అవకాశం ఇస్తాడేమో చూస్తూ ఉండండి, ఇస్తే వదలకండి, చెక్ చెప్పి శకటును తీసుకోండి. రెండోసారి ఇవ్వడు. ఎత్తు వాడిది, 32వది.